చేతిలో నేర్పు.. మాటలో మన్నన

బ్యూటీ, స్కిన్ కేర్ రంగంలో ఉద్యోగం అనగానే పార్లరో, పెళ్లికూతురి మేకప్పో గుర్తొస్తుంది. ఇదే రంగంలో అంతగా వినిపించని దారి ఇంకొకటి ఉంది. ట్రాన్స్‌జెండర్లకు గడ్డం, అవాంఛిత రోమాలను తొలగించే నిపుణుల పని అది. ఓపిక, శుభ్రత, మనుషుల పట్ల గౌరవం ఉన్నవాళ్లు దీన్ని కెరియర్‌గా ఎంచుకోవచ్చు.

ఎందుకీ అవసరం?

హార్మోన్ చికిత్సతో ట్రాన్స్ మహిళల చర్మం మెత్తబడుతుంది, ఒంటిమీది రోమాలు పలచబడతాయి. అప్పటికే వచ్చిన గడ్డం మాత్రం పోదు. రోజూ షేవ్ చేసినా బుగ్గలమీద నల్లటి నీడ మిగులుతుంది. బస్సెక్కినా, ఇంటర్వ్యూకి వెళ్లినా, అద్దె ఇల్లు అడిగినా ఎదుటివాళ్ల చూపు ముందు అక్కడికే పోతుంది. అందుకే వాళ్లకు ఇది సోకు కాదు, నలుగురిలో నిశ్చింతగా తిరగడానికి అవసరం. కొన్ని లింగమార్పిడి శస్త్రచికిత్సలకు ముందు కూడా ఆ భాగంలో రోమాలు తీయించుకోవాలని సర్జన్లు చెబుతారు.

నేర్చుకోవాల్సినవి

లేజర్: వెంట్రుకలోని మెలనిన్ కాంతిని పీల్చుకుని వేడెక్కడంతో కుదురు దెబ్బతింటుంది. తెల్ల వెంట్రుకలపై పనిచేయదు. మన చర్మంలోనూ మెలనిన్ ఎక్కువే కాబట్టి సెట్టింగ్ తప్పితే కాలిన మచ్చలు పడతాయి. ముదురు రంగు చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ సురక్షితమైనదిగా పేరు పొందింది. ముందు చిన్నచోట పరీక్షించి చూడటం తప్పనిసరి. సాధారణంగా 4 నుంచి 8 వారాలకో సిట్టింగ్ ఉంటుంది.

ఎలక్ట్రోలిసిస్: సూదిలాంటి సన్నటి ప్రోబ్‌ను ఒక్కో కుదురులోకి పంపి కరెంటుతో దాన్ని నాశనం చేస్తారు. తెల్ల వెంట్రుకలకూ పనికొస్తుంది. గడ్డం మొత్తానికి వంద గంటలు దాటొచ్చు. అమెరికా ఎఫ్‌డీఏ శాశ్వత తొలగింపుగా గుర్తించింది దీన్నే. లేజర్‌ను శాశ్వతంగా తగ్గించే పద్ధతి అని మాత్రమే అంటుంది. కాబట్టి ‘ఆరు సిట్టింగుల్లో గ్యారంటీగా పోతుంది’ అని క్లయింటుకు మాటివ్వకండి.

మాటతీరే సగం పని

పాత ఐడీ కార్డులో ఏ పేరున్నా, వచ్చినవాళ్లు చెప్పిన పేరుతోనే పిలవాలి. ‘ఆపరేషన్ అయిందా?’ లాంటి, చికిత్సకు సంబంధం లేని ప్రశ్నలు వద్దు. వివరాలు బయటికి పొక్కకూడదు. ఎలక్ట్రోలిసిస్‌కు వెంట్రుక కాస్త పెరిగి ఉండాలి. గడ్డంతో ఆ రెండు మూడు రోజులు బయటికి వెళ్లడం ట్రాన్స్ మహిళకు నరకం. సెలవుల తర్వాత అపాయింట్‌మెంట్ ఇవ్వడం, ఒక్కో సిట్టింగులో కొంత భాగమే చేయడం లాంటి సర్దుబాట్లు తెలిసినవాళ్ల దగ్గరికే క్లయింట్లు మళ్లీ వస్తారు.

చేరేదెలా?

పది పాసైతే ఐటీఐలో ఏడాది కాస్మెటాలజీ ట్రేడ్ ఉంది. అంతర్జాతీయ గుర్తింపు కావాలంటే సిడెస్కో డిప్లొమా చేయొచ్చు. లేజర్ మాత్రం చర్మవైద్యుల పర్యవేక్షణలోనే చేయాలి. ఫీజు కట్టేముందు సంస్థను మూడు విషయాలు అడగండి: మనుషులపై ప్రాక్టీస్ ఎన్ని గంటలు? ముదురు చర్మంపై చేయిస్తారా? ఎలక్ట్రోలిసిస్ ఉందా? విదేశాల ఆలోచన ఉంటే అక్కడి లైసెన్స్ నిబంధనలు చూసుకోండి. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎలక్ట్రాలజీ లైసెన్సుకు 600 గంటల శిక్షణ కావాలి.

ఉద్యోగాలెక్కడ?

స్కిన్ క్లినిక్‌లు, లేజర్ సెంటర్లు, ప్లాస్టిక్ సర్జరీ ఆసుపత్రుల్లో అవకాశాలుంటాయి. ఒకే వర్గంపై, ఒకే నిధిపై ఆధారపడొద్దు. హైదరాబాద్ నారాయణగూడలో 2021లో ట్రాన్స్‌జెండర్ల కోసం మొదలైన మిత్ర్ క్లినిక్, అమెరికా నిధులు ఆగడంతో 2025లో మూతపడింది. తర్వాత వేరే సాయంతో సబ్‌రంగ్ పేరుతో తెరుచుకుంది. పీసీఓఎస్‌తో గడ్డం వచ్చే అమ్మాయిలకూ ఇదే నైపుణ్యం కావాలి కాబట్టి పని తగ్గదు.

ట్రాన్స్‌జెండర్ విద్యార్థులకు ఇందులో ఒక అదనపు బలం ఉంది: క్లయింటు బాధ విడమరిచి చెప్పకపోయినా అర్థమవుతుంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం, 2019 ఉద్యోగంలోనూ, సేవలు అందించడంలోనూ వారిపై వివక్షను నిషేధిస్తోంది. ఇంటర్వ్యూకి వెళ్లినచోట ఈ క్లయింట్లను ఎలా చూస్తున్నారో మీరే అడగండి. ఆ జవాబును బట్టి అక్కడ చేరాలో లేదో తేల్చుకోవచ్చు.