పిత్తాశయపు ఱాళ్లు

పూజాద్రవ్యములలోను, ఔషధములలోను గోరోచనమునకు మన పూర్వులు పెద్దపీట వేసిరి. అది యేమి వస్తువని పాఠశాలలో అడిగినచో పిల్లలు పలువురు ఏదో మూలిక యనియే చెప్పెడివారు. అది మూలిక కాదు. ఆవుయొక్కయో, ఎద్దుయొక్కయో పిత్తాశయములో గట్టిపడిన ఱాయి. పశువునం దేర్పడినప్పుడు మిక్కిలి వెల పలుకు నా పదార్థమువంటిదే మనుష్యునం దేర్పడినప్పుడు ఒక్కొక్కయెడ ప్రాణసంకట మగుచున్నది. నేటి ప్రసంగవిషయ మిదియే.

మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో కడుపులో ఱాయి యున్నదన్న మాట చెవినిబడినంతనే కొండపిండి ఆకు తెచ్చి యిచ్చువారు, ఉలవకట్టు త్రాగుమనువారు వాడకు నలుగురు దొరకుదురు. వారి సదుద్దేశమును నేను శంకింపను. కాని ఆ మాట మూత్రపిండములలోని ఱాళ్లను గూర్చినది. పిత్తమార్గము వేఱు, మూత్రమార్గము వేఱు. ఒకదానినుండి మఱియొకదానికి దారి లేదు. మూత్ర మెంత ధారాళముగా పోయినను పిత్తాశయములోని ఱాయి కదలదు. ఈ తికమకకు పేరు కూడ కొంత కారణము. నేడు కొందఱు దీనిని పిత్తాశ్మరి యని వ్రాయుచున్నారు. సుశ్రుతసంహితలో అశ్మరులు నాలుగు విధములు: వాతజము, పిత్తజము, శ్లేష్మజము, శుక్రజము. ఆ నాలుగును మూత్రాశయమునకు సంబంధించినవే. కావున అచ్చట పిత్తాశ్మరికి చెప్పిన చికిత్సను ఈ వ్యాధికి తగిలించుట శాస్త్రము తెలిసినవారికి తగదు.

కాలేయమునకు క్రిందుగా, కుడివైపు ప్రక్కటెముకల మఱుగున, చిన్న ఆనపకాయ బుఱ్ఱవలె నుండు తిత్తి పిత్తాశయము. పొడవు 7 మొదలు 10 సెంటీమీటర్లు. కాలేయము దినమునకు సుమారు 600 మొదలు 1000 మిల్లీలీటర్ల పిత్తరసమును పుట్టించును. తిత్తి పట్టునది 30 మొదలు 50 మిల్లీలీటర్లే. అయినను నీటిని పీల్చి రసమును అనేకరెట్లు చిక్కపఱచి నిలువచేయును. మనము నూనె, నెయ్యి గల భోజనము చేయగానే తిత్తి ముడుచుకొని ఆ రసమును ప్రేగులోనికి వదలును. క్రొవ్వు జీర్ణమగుటకు అది తోడ్పడును.

ఇక ఱాయి ఎట్లేర్పడును? సిరిసిల్లలో నూలునకు గంజి పెట్టినవారు దీనిని ఇట్టే గ్రహింపగలరు. పాళ్లు తప్పినను, కలియబెట్టక నిలిపినను గంజి అడుగున ఉండకట్టును గదా! పిత్తరసములో కొలెస్టరాలు హెచ్చినను, రక్తకణములు విఱుగుటవలన పుట్టు పసుపువన్నె పదార్థము హెచ్చినను, తిత్తి సరిగా ముడుచుకొనక రసము నిలిచిపోయినను, మొదట ఇసుకవలె, పిదప గులకఱాళ్లవలె గట్టిపడును. ఉత్తరదేశమున కొలెస్టరాలు ఱాళ్లు మెండు. దక్షిణమున నల్లని, గోధుమవన్నె ఱాళ్ల పాలు హెచ్చని వైద్యుల పరిశీలన. స్త్రీలకు, అందును గర్భము ధరించినవారికి, స్థూలకాయులకు, త్వరత్వరగా బరువు తగ్గినవారికి ఇవి యెక్కువ. మా పొరుగున ఆదిలాబాదు గిరిజనులలో కనబడు సికిల్ సెల్ వ్యాధివంటి రక్తవ్యాధులు గలవారికి చిన్ననాటనే ఏర్పడవచ్చును. టమాట గింజలును, బియ్యములోని మట్టిబెడ్డలును ఱాళ్లగు నన్నది వట్టి మాట.

ముఖ్యమైన సంగతి చెప్పెదను. ఱాళ్లున్నవారిలో నూటికి సుమారు 80 మందికి అవి యే బాధయు కలిగింపవు. వేఱొక కారణమున స్కానింగు తీయించుకొనగా ఱాయి కనబడినదని భయపడి మఱునాడే శస్త్రచికిత్సకు పరుగెత్తుట అనవసరము. మిక్కిలి పెద్దఱాయి, తిత్తిగోడ సున్నముపట్టి గట్టిపడుట మొదలైన కొన్ని విశేషములున్నగాని, బాధలేని ఱాయిని సాధారణముగా అట్లే యుంచుదురు. భయపెట్టి కోయువారు లేకపోలేదు. రెండవ వైద్యుని అభిప్రాయ మడుగుట అమర్యాద కాదు.

బాధ కలిగిననాడు మాత్రము కథ మాఱును. ఱాయి తిత్తిమెడకు అడ్డుపడగానే పొట్ట పైభాగమునగాని, కుడిడొక్కలోగాని బిగబట్టినట్లు నొప్పి లేచి, అరగంట మొదలు కొన్ని గంటలవఱకు నిలిచి, వీపునకును కుడిఱెక్కకును ప్రాకును. వాంతులగును. తఱచుగా ఇది భోజనము తరువాతనో, రాత్రివేళనో వచ్చును. మా కోరుట్లలో బీడీలు చుట్టు నాడువారు చాట నొడిలో నుంచుకొని దినమంతయు వంగి కూర్చుందురు. వారికి నొప్పి వచ్చినచో, కూర్చున్నందువలననే యనుకొందురు. లేదా గ్యాసు అని దుకాణములో మాత్ర కొందురు. నొప్పి తనంతట తానే తగ్గును గనుక మాత్ర పనిచేసిన దని నమ్ముదురు. ఈ నమ్మకముతో రెండుమూ డేండ్లు గడపినవారిని నే నెఱుగుదును. వంట మాని, పని మాని ఆస్పత్రిలో పండుకొన్న నాటి కూలి యెవ్వ రిత్తురను ప్రశ్న వారిది. అది చిన్న ప్రశ్న కాదు. కాని ఆలస్యముచే తిత్తి వాచి చీముపట్టినను, ఱాయి జాఱి క్రింది నాళములో నడ్డుపడినను ఆస్పత్రిలో గడపవలసిన దినములు పలురెట్లగును.

ఱాయి నాళములో నడ్డుపడినప్పుడు కన్నులు పచ్చబడును, మూత్రము ముదురు వన్నెకు మాఱును. మనవారు దానిని కామెరలని పసరు పోయించుటకు పోవుదురు. మూసికొన్న నాళము పసరుచే తెఱచుకొనదు. పచ్చదనముతోపాటు వణకుతో జ్వరము వచ్చినను, నొప్పి గంటలతరబడి విడువకున్నను, వాంతులు నిలువకున్నను అది ఆ పూటనే ఆస్పత్రికి పోవలసిన స్థితి. ఱాయి క్లోమగ్రంథి ద్వారమును మూసినయెడల ఆ గ్రంథి వాచును. అది ప్రాణాంతకము కావచ్చును.

వ్యాధిని కనుగొనుటకు అల్ట్రాసౌండు పరీక్ష చాలును. కొన్ని గంటలు ఏమియు తినక పోవలెను. తినినచో తిత్తి ముడుచుకొని సరిగా కనబడదు. కరగించు మందు లేదా యని యడుగుదురు. ఉన్నది, కాని అది చిన్న కొలెస్టరాలు ఱాళ్లకే పనికివచ్చును, నెలలతరబడి మ్రింగవలెను, మానినపిదప మరల ఱాళ్లు పుట్టుట సాధారణము. నూనెయు నిమ్మరసమును త్రాగి ఱాళ్లు పడినవని చూపు ఆకుపచ్చని ఉండలు, పరీక్షింపగా, ఆ నూనెయే ప్రేగులో గడ్డకట్టిన సబ్బువంటి ముద్దలని తేలినది.

ఱాళ్లను మాత్రము తీసి తిత్తిని ఏల విడువరాదు? ఈ ప్రశ్నకు 1882లో బెర్లినులో కార్ల్ లాంగెన్‌బుఖ్ అను శస్త్రవైద్యుడు క్రియతో సమాధానము చెప్పెను. ఱాళ్లను పుట్టించునది ఆ తిత్తియే గనుక తిత్తినే తీసివేసెను, రోగి బ్రదికెను. అటుపై నూఱేండ్లు పొట్టకోసియే ఈ పని జరిగినది. 1985లో జర్మనీలో ఎరిఖ్ మూయె చిన్న రంధ్రముల ద్వారా దీనిని చేసెను. మనదేశమున 1990లో బొంబాయిలో డాక్టరు టెహెమ్టన్ ఉద్వాడియా ఈ పద్ధతిని ప్రవేశపెట్టెను.

రోగికి పూర్తి మత్తు నిచ్చి, పొట్టలోనికి బొగ్గుపులుసు వాయువును నింపి గుడారమువలె లేపుదురు. సాధారణముగా నాలుగు రంధ్రములు. బొడ్డుకడ ఒకదానినుండి కెమెరా, తక్కినవానినుండి పనిముట్లు. తిత్తినాళమును, దాని రక్తనాళమును స్పష్టముగా గుర్తించి, బిళ్లలతో బిగించి కత్తిరింతురు. పిత్తముఖ్యనాళము తెగుట ఇందలి పెద్ద ప్రమాదము. వేయిమందిలో మూడు నుండి అయిదుగురికి అట్లు జరుగవచ్చును. వాపుచేత నాళములు తెలియనప్పుడు వైద్యుడు పొట్ట తెఱచుటకు పూనుకొన్నచో, అది ఆయన అసమర్థత కాదు, జాగ్రత్త.

ఇదివఱకు ఇట్టి పనికి మావారు కరీంనగరమో, హైదరాబాదో పోవలసివచ్చెడిది. 2022లో జగిత్యాలకును, 2023లో సిరిసిల్లకును ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. ఆరోగ్యశ్రీ వర్తించునా యని చేరుటకు ముందే ఆస్పత్రిలో విచారించుకొనుట మేలు.

తిత్తి పోయిన పిదప అన్నము జీర్ణమగునా? అగును. పిత్తరసమును చేయునది కాలేయము. అది యథాప్రకారము పనిచేయుచు రసమును నేరుగా ప్రేగులోనికి పంపును. కొందఱికి కొన్నాళ్లు విరేచనములు పలుచనగును. భుజములో నొప్పి ఒకటి రెండు దినములుండును. అది లోన నింపిన వాయువువలన కలిగినది. పలువురు మఱునాడో, మూడవనాడో ఇల్లు చేరుదురు. బీడీలు చుట్టువారు ఒకటి రెండు వారములలో చాట పట్టవచ్చును. మగ్గమునకు నూలు బీము నెత్తువారు మాత్రము వైద్యు ననుమతి లేక నెలరోజులలోపల దానిజోలికి పోరాదు. గల్ఫుదేశములకు పోవువారు, నొప్పి వచ్చినవారైనచో, బయలుదేరకముందే పని ముగించుకొని, ఆపరేషను కాగితమును, తీసిన తిత్తిని పరీక్షించిన నివేదికను వెంట నుంచుకొనవలెను. పొట్టమీది నాలుగు మచ్చలను చూచి అచ్చటి వైద్యుడు ప్రశ్నించినప్పుడు ఆ కాగితములే బదులు చెప్పును.