యీ చింగ్‌లో ఎగిరే పక్షులు

బైనరీ చరిత్ర చెప్పే ఏ వీడియో చూసినా ఒక నిమిషం పాటు యీ చింగ్ వస్తుంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి మనం ‘ఐ చింగ్’ అనేది దీన్నే. ఆరు గీతలు, ఒక్కో గీత నిండుగా ఉంటుంది లేదా మధ్యలో విరిగి ఉంటుంది. అంటే రెండు ఘాతం ఆరు, మొత్తం 64 గుర్తులు. చైనాలో ఉన్న బువే అనే జెసూట్ ఫాదర్ ఈ పటాన్ని లైబ్నిజ్‌కి పంపాడు, లైబ్నిజ్ 1703లో తన బైనరీ వ్యాసంలో దాని గురించి రాశాడు. వీడియో అక్కడితో ఆగిపోతుంది. నాకు మాత్రం గీతల కన్నా వాటి పక్కన ఉన్న మాటలే ఎక్కువ నచ్చాయి. దాదాపు మూడు వేల ఏళ్ళ నాటి ఆ మాటల నిండా పక్షులే. జోస్యం సంగతి పక్కన పెడితే, అవి రాసినవాళ్ళు పక్షుల్ని చాలా జాగ్రత్తగా చూశారని నాకు అనిపిస్తుంది.

ముందు పద్ధతి చెప్పేస్తా. యారో అనే మొక్క కాడలు 50 తీసుకుని, ఒకటి పక్కన పెట్టి, మిగతా 49ని విడదీసి లెక్కపెడుతూ పోతే ఒక గీత వస్తుంది. అలా ఆరుసార్లు, కింది నుంచి పైకి. కొన్ని గీతలు ‘మారే’ గీతలుగా వస్తాయి, ఆ గీత పక్కన ఏం రాసుందో అదే సమాధానం. ఇప్పుడు చాలామంది మూడు నాణేలు ఎగరేస్తారు. కానీ ప్రాబబిలిటీ ఒకటి కాదు. నాణేలతో మారే గీత ఏ రకమైనా 1/8 వస్తుంది, కాడలతో ఒక రకం 3/16, ఇంకోటి 1/16. షార్ట్‌కట్ కొడితే డిస్ట్రిబ్యూషన్ మారిపోయిందన్నమాట!

మన చిలక జోస్యంలో పక్షే కార్డు తీస్తుంది. ఇక్కడ కార్డు తీసేది కాడలు, పక్షి కార్డు లోపల ఉంటుంది. అంతకుముందు చైనాలో నిజం పక్షులే శకునాలు. షాంగ్ రాజు వూ డింగ్ యజ్ఞం చేస్తుంటే ఒక నెమలికోడి వచ్చి కూసిందట, మంత్రి దాన్ని పట్టుకుని రాజుకి నడవడిక సరిచేసుకోమని క్లాసు పీకాడు. దసరా నాడు పాలపిట్ట కోసం ఆకాశం చూసే మనకి ఇది కొత్తేమీ కాదు.

ఇక పుస్తకంలోకి. 62వ గుర్తులో మధ్య రెండు గీతలు నిండుగా, అటూ ఇటూ రెండేసి గీతలు విరిగి ఉంటాయి. పేజీని పక్కకి తిప్పి చూడండి, రెక్కలు చాపిన పక్షి. దాని సలహా ఏంటంటే పైకి వెళ్ళకు, కిందికి రా అని. ఇది ఉత్త వినయం పాఠం అనుకుంటాం. కానీ నేల దగ్గర రాపిడి వల్ల గాలి వేగం తక్కువ ఉంటుంది, అందుకే ఎదురుగాలి వీస్తున్నప్పుడు వలస పక్షులు కిందుగా ఎగురుతాయి. 61వ గుర్తు చివరి గీతలో కోడి కూత ఆకాశానికి ఎక్కుతుంది, ఫలితం మాత్రం చెడ్డది. కూత పైకి పోయినా కోడి నేల మీదే ఉంటుంది కదా.

నాకు బాగా ఇష్టమైనది 53వ గుర్తు. పేరు జియాన్, అంటే మెల్లగా ముందుకు సాగడం. ఇందులో ఉండేది గూస్. దాన్ని హంస అందాం, క్యాలెండర్‌లో సరస్వతి పక్కనుండే తెల్ల పక్షిని కాసేపు మర్చిపోండి. నిజానికి హంస, గూస్, లాటిన్‌లో ఆన్సర్, మూడూ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. ఈ అడవి హంస మొదటి గీతలో నీటి ఒడ్డున ఉంటుంది, రెండో గీతలో బండ మీద హాయిగా తింటూ తాగుతూ ఉంటుంది. తర్వాత మెట్ట నేల, చెట్టు, గుట్ట, ఇంకా ఎత్తు. నాలుగో గీతలో చెట్టు మీద దానికి చదునైన కొమ్మ దొరకొచ్చు అంటారు. అంత వివరంగా చదునైన కొమ్మే ఎందుకు? హంస వేళ్ళ మధ్య పొర ఉంటుంది. ఈదడానికి అది బాగుంటుంది గానీ, సన్నటి కొమ్మని కాకిలా చుట్టి పట్టుకోవడం దాని వల్ల కాదు. ఆ పాదాలు చూడనివాళ్ళకి ఈ మాట తోచదు.

మూడో గీత దగ్గర నేను ఆగిపోయాను. హంస మెట్ట నేల మీదికి వచ్చింది. వెంటనే, యుద్ధానికి వెళ్ళిన భర్త తిరిగి రాలేదు, భార్య కడుపుతో ఉంది గానీ బిడ్డ దక్కలేదు అని ఉంటుంది. ఓదార్పు లేదు. హంసలు రాత్రి నీటి మీద ఉండేది నక్కల్లాంటివి అందుకోలేవని. నీటికి దూరంగా పొడి నేల మీద వాటికి రక్షణ తక్కువ. పైగా అవి జంట కడితే చాలావరకు జీవితాంతం కలిసే ఉంటాయి. అందుకే పాత చైనా పెళ్ళిళ్ళలో వరుడి వైపువాళ్ళు హంసని తీసుకెళ్ళేవాళ్ళు, కొరియా పెళ్ళిలో ఇప్పటికీ చెక్క హంస కనిపిస్తుంది. జంట పక్షి ఒంటరిగా, తనది కాని నేల మీద. ఈ ప్రశ్న అడగడానికి కాడలు పట్టుకుని కూర్చున్నవాళ్ళలో అలాంటి భార్యలూ ఉండే ఉంటారు.

మళ్ళీ 61కి వస్తా. దాని పేరు జోంగ్ ఫూ, లోపలి నమ్మకం. ఫూ అనే అక్షరంలో పైన పక్షి గోళ్ళు, కింద పిల్ల. సుమారు 1,900 ఏళ్ళ నాటి చైనా నిఘంటువు దీనికి గుడ్లు పొదగడం అని అర్థం ఇస్తుంది. రెండో గీతలో నీడలో ఎక్కడో ఒక క్రేన్ పిలుస్తుంది, దాని పిల్ల బదులిస్తుంది. క్రేన్ అంటే మన పొలాల్లో తిరిగే కొంగ కాదు, సారస పక్షి కుటుంబం. వీటిలో చాలా జాతులకి శ్వాసనాళం రొమ్ము ఎముకలోకి చుట్టలు తిరిగి ఉంటుంది, అందుకే పిలుపు కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. రెల్లు మధ్య తల్లి కనిపించకపోయినా గొంతు చేరుతుంది.

ఆ పిలుపు తెగిపోతే? క్రేన్లు వలస దారిని చాలావరకు పెద్ద పక్షుల వెంట ఎగిరే నేర్చుకుంటాయి. అమెరికాలో హూపింగ్ క్రేన్లు దాదాపు అంతరించాక, 2001లో ఆపరేషన్ మైగ్రేషన్ అనే సంస్థవాళ్ళు పక్షిలా కనిపించే తెల్ల దుస్తులు వేసుకుని, రికార్డు చేసిన క్రేన్ పిలుపులు వినిపిస్తూ, చిన్న విమానాల వెనక పిల్లల్ని విస్కాన్సిన్ నుంచి ఫ్లోరిడా దాకా నడిపించారు. మన దేశంలో ఎవరూ అలా నడిపించలేదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కి ప్రతి చలికాలం వచ్చే సైబీరియన్ క్రేన్లు 2002 తర్వాత మళ్ళీ రాలేదు. దారి పొడవునా వేటకి పెద్దవి పోయాయి, వాటితో పాటు ఆ దారీ పోయింది. ఇప్పుడు మిగిలిన సైబీరియన్ క్రేన్లలో దాదాపు అన్నీ చలికాలం గడిపేది చైనాలోని పోయాంగ్ సరస్సు దగ్గరే. అక్కడ పెద్ద పక్షుల వెనకాల పిల్లలు ఇంకా వస్తున్నాయి.