తీరిక గల ప్రయాణము

మన యిండ్లలో స్త్రీలు ప్రయాణము చేయుట యనగా పెండ్లికో, పురిటికో, మ్రొక్కుబడికో, పరామర్శకో పోవుటయే కాని, ఊరక చూచి వత్తమని పోవుట యరుదు. పోయినను వంటయిల్లు మన వెంటనే వచ్చును. పులిహోర గిన్నె, పచ్చడి జాడీ, పిల్లల మందులు, మడిబట్టలు అన్నియు సర్దుకొని, పోయినచోట మరల ఆ పనియే చేసి, అలసి యింటికి వచ్చి, "ఎంత బాగుగ నున్నదో" యని చెప్పుకొందుము. మేమును ఏండ్ల తరబడి అట్లు చెప్పుకొన్నవారమే. ఈ యేటి సంక్రాంతి సెలవులలో మాత్రము మా ప్రయాణము వేఱు విధముగ జరిగినది. అందు కొంత మా స్నేహితురాలి బుద్ధి. ఎక్కువ భాగము మా అత్తగారిది.

ఆ స్నేహితురాలు ఖమ్మములో మాతోబాటు పెరిగినది. చాల యేండ్లుగా స్వీడను దేశమున స్టాక్‌హోము నగరములో కాపురమున్నది. భర్తతోను ఇద్దరు బిడ్డలతోను పండుగకు వచ్చి, మాతో కలిసి భద్రాచలము పోవలెనని కోరినది. "పోయి ఆ సాయంత్రమునకు వత్తము" అంటిమి. "మీరు ప్రయాణము చేయరు, పరుగెత్తుదురు" అని యామె నవ్వినది. ఆ దేశమున ఉద్యోగికి ఏడాదికి కనీసము 25 దినముల సెలవు చట్టముచేతనే లభించునట. అందు నాలుగు వారములు వేసవిలో వరుసగా తీసికొను హక్కు కలదట. శీతకాలమున మధ్యాహ్నము మూడు గంటలకే ప్రొద్దు క్రుంకు చోటు గనుక, వేసవి వచ్చినంతనే పట్టణములు ఖాళీయగును. స్టాక్‌హోము నెదుట సముద్రమున వేలకొలది దీవులు కలవు. కుటుంబములు స్నేహితులను గూడ వెంటబెట్టుకొని చిన్న ఓడలలో అచటికి పోయి, కొయ్యయిండ్లలో వారములకొలది నుందురట. అక్కడ ఏమి చూతురని మే మడుగగా, "ఏమియు చూడరు. ఈదుదురు, అడవిలో పండ్లు కోసికొందురు, మరల ఆ చోటనే కూర్చుందురు" అన్నది. మఱి వంట ఎవరు చేయుదురంటిమి. "మగవారును చేయుదురు, అందఱును తక్కువ తిందురు" అని చెప్పినది!

మనవారిలో తీరికగ ప్రయాణించినవారు లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి పరివారముతో బయలుదేరి, కాశి మొదలగు క్షేత్రములు చూచి, 1831 సెప్టెంబరులో మరలివచ్చిరి. దారిలోని యూళ్లు, నదులు, సత్రములు అన్నియు వారి గ్రంథమున కలవు. ఆ వెంట నడచిన స్త్రీలలో నొకరైనను తాము చూచినది వ్రాసియుండిన ఎంత బాగుండెడిది! అంతకు ముందే, 1795లో, మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్టు అను ఆంగ్లవనిత ఏడాది దాటిన బిడ్డను వెంటబెట్టుకొని స్వీడనుకు పోయి, నార్వే డెన్మార్కులు కూడ తిరిగి, ఆ లేఖలను మఱుసటి యేడు అచ్చువేయించినది. ఈ ముచ్చట మావారు చెప్పిరి.

చెప్పినవారు ఊరకుండక, ఒక కాగితముపై కార్యక్రమము కూడ వ్రాసిరి. ఉపాధ్యాయులు గదా! మొదటి దినము కిన్నెరసాని, రెండవ దినము పర్ణశాల, మూడవ దినము పాపికొండలు, నాలుగవ దినము తిరుగుప్రయాణము; భోగి నాటికి ఇల్లు చేరవలెను. ప్రతి చోటునకు గంట, నిమిషము వేసిరి. మేము వంటపాత్ర లొక్కటియు తీసికొనలేదు. రెండు బండ్లలో తొమ్మండుగురము బయలుదేరితిమి. డెబ్బదేండ్ల మా అత్తగారు ముందు కూర్చుండిరి.

ఖమ్మమునుండి వైరా, తల్లాడ, కొత్తగూడెము మీదుగా పాల్వంచ చేరువఱకు కాగితము ప్రకారమే నడచినది. కిన్నెరసాని జలాశయము కడ జింకలను చూచి పిల్లలు కదలమనిరి. విశ్వనాథ సత్యనారాయణగారు పాటలు కట్టిన కిన్నెర యిదియే యని చెప్పితిమి కాని, జింకల ముందు మా మాట యెవరికి వినబడును? గోదావరి వంతెన యెక్కునప్పటికి చీకటి పడినది. ఆ వంతెన 1965లో ప్రారంభమైనది. అత్తగారు అప్పటికి పదేండ్ల పిల్ల. అంతకు ముందు పడవలో ఏఱు దాటుటయు, రాజమహేంద్రవరమునుండి లాంచీలో రెండు కొండల నడుమ వచ్చుటయు వారికి బాగుగ జ్ఞాపకము.

రామాలయమును గూర్చి మన సోదరీమణులకు చెప్పవలసిన దేమున్నది? నేలకొండపల్లి కంచెర్ల గోపన్నగారు తానీషా కాలమున ఆలయము కట్టించి గోలకొండ చెఱసాల పాలైన కథ ఎఱుగనివారు లేరు. అయితే, గోపన్నగారికంటె ముందు ఆ కొండపై దేవుని కనుగొని, పందిరి వేసి, పండ్లు నివేదించినది పోకల దమ్మక్క యను అడవిబిడ్డ యని ఐతిహ్యము. కట్టించినవారి పేరు పాటలలో నిలిచినంతగా కనుగొన్నదాని పేరు నిలువలేదని మాకు ఎప్పుడును తోచును.

రెండవ నాడు పర్ణశాలలో సీతవాగు కడ గంట సేపని కాగితమున నుండెను. సాయంత్రము వఱకు నుంటిమి. సీతమ్మ చీర లారవేసిన గుర్తులని చూపెడు రాళ్లపై చారలను పిల్లలు వ్రేలితో తడవిచూచిరి. ఒక ముసలమ్మ యమ్మిన రేగుపండ్లు తినుచు, కాళ్లు నీళ్లలో నుంచి కూర్చుంటిమి. పదేండ్ల కాపురములో పగటి వేళ అంత సేపు పనిలేక కూర్చుండుట మాకు అదియే మొదటి సారి. మొదట చేతు లేమి చేయవలెనో తెలియలేదు.

మూడవ నాడు పాపికొండల బోటు కొఱకు వేకువననే బయలుదేరితిమి. భద్రాచల పట్టణము దాటిన వెంటనే ఎటపాకలో ఆంధ్రప్రదేశ్ మొదలగును. 2014లో ఈ మండలముల నటు కలిపిరి. నెల్లిపాక దాటి కూనవరము చేరినప్పుడు, ఒడిసా కొండలనుండి దిగివచ్చిన శబరి గోదావరిలో కలియుచుండెను. అచట అత్తగారు, "అమ్మాయీ, ఒక్క గడియ బండి యాపించుము" అనిరి. శబరి యొడ్డున వారి పుట్టినూరు కలదు. ఆ సంగతి మేమెఱుగుదుము. కాని కాగితమున వ్రాయుటకు మాలో నొక్కరికి తోచలేదు.

పోలవరము జలాశయము పూర్తిగ నిండిన నీటిమట్టము 45.72 మీటర్లు. ఆ లెక్కలో ఆ యూరు ముంపునకు వచ్చినది. 2022 జూలైలో భద్రాచలము కడ గోదావరి 71.3 అడుగులకు పెరిగినది. మూడవ ప్రమాద హెచ్చరికయే 53 అడుగులకు ఇత్తురు. ఆ వఱద తరువాత అత్తగారి తమ్ముడు కుటుంబముతో పునరావాస కాలనీకి పోయెను. తలుపులు, దూలములు విప్పుకొని పోయినందున ఇంటికి గోడలు మాత్రము మిగిలినవి. గోడపై మనిషి యెత్తునకు మించి ఒండ్రు చార యుండెను. వాకిట రోలు సగము మట్టిలో పూడియుండెను.

అత్తగారు ఏడ్వలేదు. కొంగు నడుమునకు చుట్టి, వేపమండతో వాకిలి ఊడ్చిరి. ప్రక్క యింట ఇంకను కదలక యున్న కోయ యింటావిడ చూచి వచ్చి, "ధనుర్మాసం గదా అక్కా" అని పిండి తెచ్చియిచ్చినది. కప్పు లేని ఆ యింటి ముందు అత్తగారు ముగ్గు పెట్టిరి. మా స్నేహితురాలి కూతురునకు చుక్క పెట్టుట కూడ తెలియదు. ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పిండి రెండు వ్రేళ్ల నడుమ నెట్లు జాఱవిడువవలెనో నేర్పిరి. చుక్కలు వంకరవోయినపుడెల్ల తుడిపి మరల పెట్టించిరి. మావారు ఒకమాఱు గడియారము చూచుకొని, కాగితము మడిచి జేబులో పెట్టుకొనిరి.

ఆ యింటావిడ టీ కాచి యిచ్చినది. మా స్నేహితురాలు తన దేశపు వాడుక నొకటి చెప్పినది. స్వీడనులో అడవి యెవరిదైనను, దానిలో నడచుటకు, పండ్లు కోసికొనుటకు, ఒక రాత్రి గుడారము వేసికొనుటకు అందఱికిని హక్కు కలదు. పాడుచేయరాదు, ఇండ్లకు మఱీ దగ్గఱగ పోరాదు. ఆవిడ శ్రద్ధగ విని, "మీరు పోయి వచ్చేటోళ్లు గనుక సరిపోయె. మేము ఉండేటోళ్లం. మాది అని కాయితం చూపమంటరు" అన్నది. అడవి సాగుచేసికొను గిరిజనులకు హక్కుపత్ర మిచ్చుటకు 2006లో చట్టము వచ్చినది. ఆవిడ భర్త పేరట పత్రము వచ్చినదట; ఆ భూమియు ముంపులోనే యున్నది. బదులిచ్చు భూమి ఎక్కడిదో చూపువఱకు కదలనన్నది. మా స్నేహితురాలికి బదులు తోచలేదు, మాకును తోచలేదు.

బోటు పోయినది. రాత్రి మరల భద్రాచలములోనే నిలిచితిమి. పాపికొండలు వచ్చే యేడు చూతమని మేమనగా అత్తగారు ఒప్పుకొనలేదు. "కొండలు కదలవు. కాని వాటి క్రింది యూళ్లను వచ్చే యేడు ఎవరు చూపుదురు?" అనిరి.

కాబట్టి నాలుగవ నాడు పోచవరము రేవున బోటెక్కితిమి. చదువు సోదరీమణులకు ఒక మాట. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు కడ బోటు మునిగి ఏబదిమంది వఱకు పోయిరి. వఱద కాలమున ఈ ప్రయాణము తలపెట్టవలదు. బోటులో ఇచ్చు ప్రాణరక్షక కవచమును పిల్లలకు మీరే బిగించి, చివరి వఱకు విప్పనీయకుడు. చీరపై బాగుండదని తీసి ప్రక్కన పెట్టిన వారిని మేము కన్నులార చూచితిమి.

పేరంటాలపల్లి కడ శివాలయము చూచి, కొండరెడ్డి స్త్రీల యొద్ద వెదురు బుట్టలు కొంటిమి. అటుపిమ్మట కొండలు రెండు వైపుల దగ్గఱకు వచ్చి, అంత గోదావరియు సన్నని పాయయైనది. నార్వేలో సముద్రపు పాయలు ఇట్లే కొండల నడుమ దూరునని మా స్నేహితురాలు చెప్పినది. అవి మంచునదులు దొలిచినవి, ఇది ఏఱు దొలిచినది. అత్తగారు ఆ పోలిక వినలేదు. ఒడ్డుపై వ్రేలు చూపుచు, ఇక్కడ లాంచీ ఆగెడిది, ఇక్కడ చింతపండు ఎక్కించెడివారు, ఇక్కడ మా మేనత్త యిల్లు అని చెప్పుచుండిరి. ఆ పేర్లన్నియు మావారు కార్యక్రమపు కాగితము వెనుక వ్రాసికొనిరి.

ఖమ్మము చేరునప్పటికి రాత్రి పది దాటినది. స్నేహితురాలి కుటుంబము మా యింటనే నిలిచిరి. భోగి నాడు తెల్లవాఱుజామున మేము లేచి వచ్చునప్పటికి ఆ పిల్ల పిండి గిన్నెతో వాకిట నిలిచి, "అమ్మమ్మా, ఎన్ని చుక్కలు?" అని యడుగుచుండెను.

"పదునైదు," అనిరి అత్తగారు. "సందు చుక్క, ఎనిమిది వచ్చువఱకు."