కసింద – తగిరిస: గుర్తించే విధానం

తొలకరి వానలు పడగానే చర్ల పరిసరాలలో బాటల వెంట, చేలగట్లపై, పాడుపడిన దొడ్లలో రెండు మొక్కలు కలిసి మొలుస్తవి. ఒకటి తగిరిస, రెండవది కసింద. తగిరిసను కొన్నిచోట్ల చిన్న కసింద అని కూడ పిలుస్తారు. చిక్కు ఇక్కడే కలదు. తగిరిస లేతాకును అడవి పల్లెలలో కూర వండుకుంటారు. కసింద గింజ పసిపిల్లలకు విషం. కనుక పేరును నమ్మక మొక్కను చూచి పోల్చుకొనే పద్ధతిని వివరించదలచినాము.

కసింద మన నేలది కాదు. అమెరికా ఉష్ణమండలం దాని పుట్టినిల్లు. 1753లో లిన్నేయస్ పెట్టిన 'ఆక్సిడెంటాలిస్' అనే పేరుకు 'పడమటిది' అని అర్థం. అయినను మన వైద్యులు దీనిని కాసమర్దమనీ, ఉర్దూలో కసౌందీ అనీ వ్యవహరిస్తున్నారు. తగిరిస వారికి చక్రమర్దం, పన్వాడ్.

రెండింటి పూవులూ పసుపువే, అయిదు రేకులవే. కావున పూవును బట్టి తేల్చరాదు. ఆకును చూడవలె. తగిరిసకు మూడు జతల చిట్టి ఆకులు. వాటి కొన వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. కసిందకు సాధారణంగా నాలుగు మొదలు ఆరు జతలు. కొన మొనదేలి ఉంటుంది. నలిపితే వెగటు వాసన వేస్తుంది. తగిరిసలో చిన్న గ్రంథి జత ఆకుల నడుమ ఉండగా, కసిందలో ఆకుకాడ మొదట్లోనే పొక్కువంటి గ్రంథి కనబడుతుంది. తగిరిస కాయ 15 సెంటీమీటర్లకు పైగా సాగి, సన్నగా కొడవలివలె వంగుతుంది. గింజలు పలకలుదేలి మెరుస్తవి. కసింద కాయ సుమారు 10 సెంటీమీటర్లు, చదునైనది, అంచులు పాలిపోయినవి. గింజలు బిళ్లలవలె ఉంటవి.

ఈ భేదం కేవలం పాఠ్యవిషయం కాదు. మనకు తూర్పున, శబరి కావల నున్న ఒడిశాలోని మల్కనగిరి జిల్లాలో 2016లో అనేకమంది పిల్లలు మరణించారు. మొదట మెదడువాపు వ్యాధిని కారణంగా చెప్పినా, కొన్ని మరణాలకు కసింద గింజలు కారణమని నిపుణులు పేర్కొన్నారు. అక్కడ తగిరిస 'చకుండ', కసింద 'బడ చకుండ'. పేర్ల పోలిక అక్కడా ఇటువంటిదే! ఆ విషం కాలేయాన్ని, కండరాలను, మెదడును దెబ్బతీస్తుంది.

కసింద సాధారణంగా ఏటేటా గింజ నుండే మొలుస్తుంది. కాయ ముదరక ముందే పెరికివేస్తే మరుసటి ఏటికి మొలకలు తగ్గుతవి. సెలవులకు ఇండ్లకు వెళ్లే మన విద్యార్థులు రెండు కాయలనూ పక్కపక్కన పెట్టి తమ్ములకు, చెల్లెండ్లకు చూపవలెనని కోరుతున్నాము. ఒకసారి కంటితో చూచినవారు మరల పొరబడరు.