గాజుతొట్టి నీటికి ఏటా అగు ఖర్చు

దమ్మపేటలో గాజుతొట్టి పెట్టి రంగుచేపలు పెంచదలచిన గృహస్థునకు నీరు మూడు దారుల లభించును. మొదటిది బోరునీరు. రెండవది మిషన్ భగీరథ కుళాయి. 2016లో ప్రారంభమైన ఈ పథకమున నదులలోని, జలాశయములలోని నీటిని శుద్ధిచేసి, క్లోరిన్ కలిపి గ్రామములకు పంపుదురు. మూడవది 20 లీటర్ల డబ్బాలలో అమ్ముడగు ‘మినరల్ వాటర్’. ఇది చాలవరకు రివర్స్ ఆస్మోసిస్ యంత్రమునుండి వచ్చిన నీరు. మనుష్యులు త్రాగునది చేపలకు మరింత మంచిదని యెంచి, కొందరు డబ్బానీటినే ప్రేమతో కొనితెచ్చి తొట్టిలో పోయుచుందురు. వెలపెట్టి కొన్న నీటిలో చేపలు చచ్చుటయు, పొరుగింటి తొట్టిలో బోరునీటితోనే అవి హాయిగా నుండుటయు చూచి ఆశ్చర్యపడుదురు. ఇందులో వింత యేమియు లేదు. కొంచెము రసాయనశాస్త్రము, కొంచెము గుణకారము తెలిసిన విద్యార్థి ఎవరైనను దీనిని లెక్కకట్టి చూపవచ్చును.

60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గల తొట్టిని తీసికొందము. దాని ఘనపరిమాణము 54 లీటర్లు. ఇసుక, రాళ్లు, పైన వదలిన ఖాళీ పోగా 45 లీటర్ల నీరు పట్టును. వారమునకొకసారి అందు నాలుగవవంతు, అనగా సుమారు 11 లీటర్లు, తీసి క్రొత్తనీరు పోయుట మంచి అలవాటు. ఏడాదికి 572 లీటర్లు. అంకె పెద్దదిగా కనిపించినను రోజుకు ఒకటిన్నర లీటరు మాత్రమే, చెంబెడు నీరు.

కుళాయినీరు వాడువారికి మొదటి చిక్కు క్లోరిన్. సూక్ష్మజీవులను చంపుటకై కలిపిన ఈ పదార్థము చేపల మొప్పలయందలి పలుచని పొరను కూడ కాల్చివేయును. త్రాగునీటి భారత ప్రమాణము ప్రకారము శుద్ధిచేసిన నీటిలో లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెను. జాగ్రత్తకొరకు 1 మిల్లీగ్రాము కలదనుకొందము. అప్పుడు మన 11 లీటర్లలో 11 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండును. దీనికి విరుగుడు సోడియం థయోసల్ఫేటు. ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో దానిని ‘హైపో’ అందురు. రెండు అణువుల హైపో ఒక అణువు క్లోరిన్‌ను హరించునని లెక్కకట్టినచో, స్ఫటిక హైపో అణుభారము 248, క్లోరిన్‌ది 71 గనుక, ఒక వంతు క్లోరిన్‌కు ఏడు వంతుల హైపో కావలెను. అనగా వారమునకు 77 మిల్లీగ్రాములు, ఏడాదికి 4 గ్రాములు!

ఇంత తక్కువ బరువును మామూలు త్రాసులో తూచుట కష్టము. 0.77 గ్రాముల హైపోను 100 మిల్లీలీటర్ల నీటిలో కరగించి పెట్టుకొన్న, వారమునకు 10 మిల్లీలీటర్ల చొప్పున పదివారములకు సరిపోవును. దుకాణములలో అమ్ము క్లోరిన్ విరుగుడు చుక్కలలో అనేకములందు పనిచేయునది ఈ పదార్థమే. వాటిని కొనువారు హెచ్చుభాగము నీటికిని, సీసాకును, రంగుచీటికిని వెల యిచ్చుచున్నారనుట తప్పు కాదు. అసలు పైసా ఖర్చులేని ఉపాయము మరొకటి కలదు: వెడల్పు మూతిగల తొట్టిలో కుళాయినీటిని ఒక పగలు, ఒక రాత్రి ఆరుబయట నిలువయుంచిన క్లోరిన్ చాలవరకు తనంతట పోవును. ఎండ తగిలిన త్వరగా పోవును.

కాబట్టి క్లోరిన్ ఖర్చు ఖర్చే కాదు. అసలు ఖర్చు తొట్టిలోపలనే పుట్టుచున్నది.

చేపలకు వేయు మేతలో మాంసకృత్తులు ముఖ్యమైనవి. మాంసకృత్తులలో సుమారు 16 శాతము నత్రజని. రోజుకు ఒక గ్రాము మేత వేసితిమనియు, అందు మాంసకృత్తులు 40 శాతమనియు అనుకొందము. అందలి నత్రజని 64 మిల్లీగ్రాములు. అందులో సగము చేప మొప్పలద్వారా అమ్మోనియాగా నీటిలోనికి వచ్చినదనుకొన్న, రోజుకు 32 మిల్లీగ్రాములు. 45 లీటర్లకు పంచిన లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. ఇది ఒక్కరోజు పంట. వారము గడచిన ఐదు మిల్లీగ్రాములగును. నదిలో చేపకు ఈ బాధ లేదు, ప్రవాహము కొనిపోవును. గాజుతొట్టిలో చేప తన మలినములోనే ఈదులాడవలసియుండును.

అయినను తొట్టిలో చేపలు బ్రతుకుచున్నవి. ఏలయన, ఇసుకపైనను, వడపోత స్పాంజిలోను నివసించు సూక్ష్మజీవులు అమ్మోనియాను మొదట నైట్రైటుగాను, పిదప నైట్రేటుగాను మార్చును. మొదటి రెండును విషములు. నైట్రేటు వాటితో పోల్చిన సాధువు. ఈ పని రెండు వేర్వేరు జాతుల సూక్ష్మజీవులు పంచుకొని చేయునని 1890 ప్రాంతమున రష్యను శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ చూపెను. పాఠ్యపుస్తకములు నేటికిని అట్లే చెప్పుచున్నవి గాని, రెండు మెట్లను ఒక్కటియే పూర్తిచేయు నైట్రోస్పైరా జాతులు కూడ కలవని 2015లో తేలినది. ఉపాధ్యాయులు ఈ సంగతిని పాఠమునకు చేర్చుకొనవచ్చును.

ఈ సూక్ష్మజీవులు మెల్లగా వృద్ధిచెందును. క్రొత్త తొట్టిలో అవి చాలినంతగా పెరుగుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. తొట్టి కొన్ననాడే డజను చేపలు వేసి, పదవనాడు అవి తేలుట చూచి, మందుల సీసాలకొరకు పరుగెత్తువారే ఎక్కువ. అక్కడ లోపించినది మందు కాదు, ఓపిక. మొదట రెండు చిన్నచేపలతో మొదలిడి, పాత తొట్టిలోని స్పాంజిముక్క నొకదానిని అడిగితెచ్చి పెట్టుకొన్న పని త్వరపడును. వడపోత స్పాంజిని కుళాయిక్రింద పట్టి తళతళలాడునట్లు కడుగుట మరియొక పొరపాటు. క్లోరిన్ తగిలి నెలరోజుల సేద్యము ఒక్క నిమిషములో నశించును. తొట్టినుండి తీసిన నీటిలోనే దానిని పిండవలెను.

ఇక డబ్బానీటి సంగతి. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేటుగా మారుటకు సుమారు 4.6 గ్రాముల ఆమ్లజనియు, కాల్షియం కార్బొనేటు లెక్కలో 7.1 గ్రాముల క్షారతయు వ్యయమగును. మన 32 మిల్లీగ్రాములకు రోజుకు 228 మిల్లీగ్రాముల క్షారత కావలెను. అనగా లీటరుకు 5 మిల్లీగ్రాములు. బోరునీటిలో లీటరుకు 250 మిల్లీగ్రాముల క్షారత ఉన్నచో, క్రొత్తనీరు పోయకున్నను ఏబదిరోజులు వచ్చును. రివర్స్ ఆస్మోసిస్ యంత్రము ఉప్పులతోపాటు ఈ క్షారతను కూడ వడకట్టివేయును. లీటరుకు 20 మిల్లీగ్రాములే మిగిలినచో నాలుగు రోజులలో అది అయిపోవును. పిదప నీరు ఆమ్లమగును, సూక్ష్మజీవులు పని మానును, అమ్మోనియా పేరుకొనును.

అప్పుడును చేపలు వెంటనే చావవు. ఆమ్లపు నీటిలో అమ్మోనియా దాదాపు అంతయు అమ్మోనియం అయానుగా నుండును. అది అంత హానికరము కాదు. 25 డిగ్రీల వేడిమియందు పి.హెచ్. 7 గల నీటిలో విషరూపమున నుండునది 0.6 శాతము మాత్రమే. 8 అయినచో 5 శాతమునకు మించును. నీరు పాడైనదని గ్రహించిన యజమాని ఒకనాడు రెండు బిందెల బోరునీరు పోయును. పి.హెచ్. పైకి లేచును. అంతవరకు నిద్రించుచున్న అమ్మోనియా విషమై మేల్కొనును. మరునాటి ఉదయమున చేపలు తేలును. నింద బోరునీటిపై పడును!

అట్లని బోరునీరు అన్ని చేపలకును సరిపడునని కాదు. గప్పీ, మోలీ వంటివి కఠినజలమున సుఖముగా నుండును. మెత్తని నీటి నదులలో పుట్టిన డిస్కస్, నియాన్ టెట్రా వంటివి ఉండలేవు. చేపకొరకు నీటిని మార్చుట నిత్యవ్యయము. ఉన్న నీటికి తగిన చేపను ఎన్నుకొనుట ఒక్కనాటి పని. బోరునుండి అప్పుడే వచ్చిన నీటిలో ఆమ్లజని తక్కువ, బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా నుండును గనుక దానిని కూడ ఒకరోజు నిలువయుంచి కలియబెట్టుట మేలు. ఇనుము ఉన్న నీరైన, అడుగున ఎఱ్ఱని మడ్డి దిగును. పైనీటిని గుడ్డతో వడకట్టి వాడవలెను.

మిగిలినది విద్యుత్తు. గాలిపంపు 3 వాట్లు, వడపోత యంత్రము 5 వాట్లు రాత్రింబగళ్లు నడువగా, 6 వాట్ల దీపము ఎనిమిది గంటలు వెలిగినచో రోజుకు 240 వాట్-గంటలు. ఏడాదికి 88 యూనిట్లు. యూనిట్ 5 రూపాయలనుకొన్న 440 రూపాయలు. చల్లని దేశములలోవలె నీరు వేడిచేయు పరికరము ఈ ప్రాంతమున ఏడాదిలో చాలకాలము అక్కరలేదు. ఇక్కడి బాధ వేసవి. 25 డిగ్రీలవద్ద లీటరు నీటిలో 8 మిల్లీగ్రాములకు పైగా కరుగగల ఆమ్లజని, 35 డిగ్రీలవద్ద 7 మాత్రమే కరుగును. తొట్టియంతటిలో అప్పుడు సుమారు 315 మిల్లీగ్రాములుండగా, పైని లెక్కప్రకారము సూక్ష్మజీవులకే రోజుకు 147 కావలెను. చేపల శ్వాస వేరు. వేసవిరాత్రి విద్యుత్తు పోయినప్పుడు తెల్లవారుసరికి చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుట ఇందువలననే. అట్టిరోజులలో మేత వేయరాదు; చెంబుతో నీటిని పైనుండి ధారగా పలుమార్లు పోయవలెను.

మేతయే అన్నిటికిని మూలము. వారమునకు లీటరుకు 5 మిల్లీగ్రాముల నత్రజని చేరుచు, నాలుగవవంతు నీరు మార్చబడుచున్నచో, నైట్రేటు నత్రజని పెరిగి పెరిగి 20 వద్ద నిలుచును. ఏలయన 20లో నాలుగవవంతు 5. మేత సగము చేసిన అది 10కి దిగును. నీటి పని సగమైనదన్నమాట. రెండు నిమిషములలో తినగలిగినంత మాత్రమే వేయవలెనను నియమమునకు ఆధారమిదే. మొక్కలు కూడ ఈ నత్రజనిని తినును. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అను లండను రసాయనజ్ఞుడు రెండు చిన్న బంగారుచేపలు, వాలిస్నేరియా మొక్క, కుళ్లిన ఆకులను తినుటకు నత్తలు కల తొట్టిని గూర్చి వ్రాసెను. అతని చేపలు రెండేయని గమనింపవలెను. మన చెరువులలోని హైడ్రిల్లా, అంతరతామర ఈ పనికి చక్కగా పనికివచ్చును; తెచ్చినప్పుడు పురుగులు లేకుండ కడిగి, కొన్నిరోజులు వేరుపాత్రలో ఉంచి చూడవలెను.

తొట్టినుండి తీసిన 11 లీటర్ల నీటిని ములగచెట్టుకో, కరివేపచెట్టుకో పోసిన నత్రజని వృథాకాదు. వాగులోను, చెరువులోను మాత్రము పోయరాదు. విసుగుపుట్టిన చేపలను అసలే వదలరాదు. గాజుతొట్టిలో పాచి తినుటకై తెచ్చిన దక్షిణ అమెరికా జెల్లజాతి చేప యొకటి ఇట్లే బయటపడి, నేడు ఆంధ్రదేశపు చేపల చెరువులలో ‘డెవిల్ ఫిష్’ అను పేర రైతుల వలలను చింపుచున్నది.