ఊదకు చెవులు లేవు

నారుమడిలో వరి ఏదో, ఊద ఏదో తేల్చుకోవాలంటే రంగును నమ్మకూడదు, ఎత్తును అసలే నమ్మకూడదు. ఆకు కాండాన్ని వదిలి పక్కకు వంగే చోటు చూడాలి. వరికి అక్కడ పలుచని తెల్లటి పొర పైకి లేచి ఉంటుంది. దాని పక్కనే కాండాన్ని పట్టుకున్నట్టు, నూగుతో, రెండు బుల్లి చెవులుంటాయి. ఊదకు పొరా ఉండదు, చెవులూ ఉండవు. ఆ చోటు నున్నగా కనిపిస్తుంది. ముదురాకుల్లో వరి చెవులు కూడా రాలిపోతాయి గనుక లేతాకునే విప్పి చూడాలి.

ఊదకు వేషం కట్టడం నేర్పింది ఎవరనుకున్నారు? కలుపు తీసే చేతులే. గుబురుగా పరుచుకుని, మొదలు ఎర్రగా ఉన్న మొక్క కంటబడుతుంది, దాన్ని పీకేస్తారు. వరిలా నిటారుగా, పచ్చగా ఉన్నది తప్పించుకుని గింజ రాలుస్తుంది. ఏటా ఇదే జరిగితే చివరికి మిగిలేవి వరిని పోలినవే. చైనాలో యాంగ్‌జీ నది పరీవాహకంలోని ఊద జన్యువులను పరిశీలించిన శాస్త్రవేత్తలు, ఈ అనుకరణ సుమారు వెయ్యేళ్ల కిందట మొదలైందని 2019లో ప్రకటించారు. ఇలాంటి అనుకరణకు రష్యా శాస్త్రవేత్త వావిలోవ్ పేరే పెట్టారు. గోధుమ చేలలో కలుపుగా ఉన్న రై, తర్వాత తానే పంట అయిందని గుర్తించింది ఆయనే.

సిరిధాన్యాల కొట్లో దొరికే ఊదలు ఈ కలుపుకు దగ్గరి చుట్టాలు. పొలంలో పీకి గట్టున పారేసే జాతిని బజారులో డబ్బిచ్చి కొంటున్నామన్నమాట!

రాగులు, చోళ్లు, తైదలు... ఏ పేరుతో పిలిచినా ఆ పంటకూ ఓ అడవి చుట్టం ఉంది. వీధుల్లో, కళ్లాల్లో తొక్కుడుకు చావకుండా నేలకు అంటుకుని పెరుగుతుంది. దాని మొదలు చదునుగా నొక్కినట్టు, తెల్లగా ఉంటుంది. దాని పక్కనే పెరిగే నక్షత్ర గడ్డికీ వేళ్లలాంటి కంకులే. కానీ ప్రతి కంకి చివరా గింజలు లేని చిన్న మొన బయటికి పొడుచుకొస్తుంది. ఆ మొన కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

వినాయకుడికి పెట్టే గరికకూ వేళ్ల కంకులే, అయితే సన్నగా ఉంటాయి. ఆకు మొదట్లో పొరకు బదులు సన్నని వెంట్రుకల వరుస ఉంటుంది. నేల మీద తీగలు, నేల కింద దుంపకాడలు రెండూ పాకిస్తుంది. పైపైన చెక్కితే మళ్లీ లేచేది అందుకే.

పంజాబ్, హర్యానా గోధుమ రైతులకు గుల్లీ డండా అనే గడ్డితో తలనొప్పి. అది మొలకగా ఉన్నప్పుడు గోధుమలాగే ఉంటుంది. మొదలు ఎర్రగా ఉంటే అదే.

అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది తుంగ. చూడటానికి గడ్డే, కుటుంబం మాత్రం వేరు. పూకాడను వేళ్ల మధ్య తిప్పితే మూడు అంచులు తగులుతాయి. కణుపులుండవు, లోపల బోలు కాదు. ఆకులు మూడు వైపులకు వస్తాయి. అసలు గడ్డి కాడకు కణుపులుంటాయి, ఆకులు రెండు వైపులకే వస్తాయి. తుంగను పీకితే పైది చేతికొస్తుంది, గొలుసులా అల్లుకున్న గడ్డలు నేలలోనే ఉండి మళ్లీ మొలుస్తాయి. ప్రపంచంలోని చెడ్డ కలుపు మొక్కల మీద 1977లో వచ్చిన ప్రసిద్ధ గ్రంథం దీనికే మొదటి స్థానం ఇచ్చింది.

గడ్డి జాతిని మాత్రమే చంపే మందులు తుంగను చంపలేవు. అందుకే ఈసారి కలుపు మందు కోసం దుకాణానికి వెళ్లేముందు ఒక మొక్కను వేళ్లతో సహా తవ్వి, వ్యవసాయాధికారికి చూపించండి.