కడప బండ మీద కిప్ పరికరం

జింకు మీద సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే బుసబుసమంటూ హైడ్రోజన్ వస్తుంది. బడిలో అందరూ చూసిందే. చిక్కల్లా దాన్ని ఆపడంలోనే. ఇక చాలనుకున్నా, జింకో ఆమ్లమో అయిపోయేదాకా వాయువు వస్తూనే ఉంటుంది.

1823లో జర్మన్ రసాయనవేత్త డోబెరైనర్ దీనికో ఉపాయం పట్టాడు. అలా పుట్టిన హైడ్రోజన్‌ను ప్లాటినం మీదికి వదిలి వెలిగించే దీపం అతనిది. కుళాయి మూస్తే వాయువే ఆమ్లాన్ని జింకుకు దూరంగా తోసేసేది. 1844 ప్రాంతంలో డెల్ఫ్ట్ పట్టణపు మందుల వ్యాపారి పెట్రస్ యాకోబస్ కిప్ ఇదే సూత్రంతో ప్రయోగశాలకు పనికొచ్చే పరికరం చేశాడు.

ఒకదానిమీద ఒకటిగా మూడు గాజు బుడ్లు. నడిమిదాంట్లో జింకు. పై బుడ్డిలో పోసిన ఆమ్లం పొడవాటి గొట్టంగుండా అడుగుకు దిగి, అక్కడ నిండి, పైకెక్కి జింకును తాకుతుంది. కుళాయి మూశారా, దారిలేని హైడ్రోజన్ ఆమ్లాన్ని కిందికి నొక్కుతుంది; అది గొట్టంలోంచి మళ్లీ పై బుడ్డికి చేరుతుంది. జింకు ఊరుకుంటుంది. మోటారు లేదు, స్ప్రింగు లేదు. పరీక్షలో సమీకరణానికి మార్కులిస్తారు గానీ, అసలు తెలివంతా ఈ గొట్టంలో ఉంది.

జింకుకు బదులు రాగి వేస్తే ఏమీ జరగదు. సీసం మొదలుపెట్టినట్టే పెట్టి, లెడ్ సల్ఫేట్ పొర కప్పుకుని ఆగిపోతుంది. మరీ శుద్ధమైన జింకు కూడా బద్ధకిస్తుంది. అప్పుడు రెండు చుక్కల మైలుతుత్తం ద్రావణం వేస్తే జింకుమీద రాగి పేరుకుని చర్య జోరందుకుంటుంది. తాను కదలని రాగే జింకును కదిలిస్తుందన్నమాట.

ఇదే పరికరంలో బేతంచెర్ల నాపరాయి ముక్కలు వేసినా పనిచేస్తుంది, కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అయితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయాలి. సల్ఫ్యూరిక్ పోస్తే రాతిమీద జిప్సం పొర కట్టి పని నిలిచిపోతుంది. ప్రయోగశాల బల్లకు పరిచిన నల్ల కడప బండ కూడా సున్నపురాయి జాతిదే. ఆమ్లం ఒలికితే మెరుపు పోయి మచ్చ పడుతుంది.

సీమ రాళ్ల ఈ గుణం పులివెందుల దగ్గర తుమ్మలపల్లెలో పెద్ద లెక్కే అయింది. జార్ఖండ్‌లోని జాదుగూడలో యురేనియాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగించి తీస్తారు. తుమ్మలపల్లెలో యురేనియం ఉన్నది డోలమైటు రాతిలో. ఆమ్లం పోస్తే యురేనియం సంగతి తర్వాత, రాయే తాగేస్తుంది. దాన్ని ఆపే కుళాయి లేదు. అందుకే అక్కడి కర్మాగారంలో ఆమ్లం జోలికి పోకుండా, సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ కలిపిన క్షార ద్రావణంతో, వేడిమీద, ఒత్తిడిలో యురేనియాన్ని రాబడుతున్నారు.